చప్పుడు చేయని మంచు

ఒకప్పుడు నాతో అంటార్కిటికా పోయొచ్చిన ఖాజా ఒక పని మీద నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల అమ్మాయి షాహీన్ ఈసారి అంటార్కిటికా యాత్రకు బండ్ల మెకానిక్‌గా ఎంపికైంది. కరీంనగర్‌లో పెద్ద బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసే పిల్ల. ఇంజను విప్పి మళ్లీ బిగించగలదు, బిగించిన బండిని నడపనూ గలదు. ఖాజాకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. తన మాట వినడం లేదు కనుక నేను చెప్పాలట.

"జర బెదిరియ్యి అన్నా దాన్ని. నువ్వు చెప్తే ఇంటది. నేను మునిగింది చెప్పు. ఎట్ల మునిగిన్నో అంతా చెప్పు."

"నువ్వే చెప్పరాదు?"

"నాతోని గాదు" అన్నాడు. ఇచ్చిన చాయ్ సగం తాగి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు షాహీన్ ఫోన్ చేసింది. "చాచా, ఆడ ఏమైందో అబ్బాను శానాసార్లు అడిగిన. గా మాట రాంగనే లేసి పోతడు. నువ్వన్న చెప్పు. అన్నీ తెలిసినంకనే పోత."

ఇద్దరూ నన్ను అడిగింది ఒకే సంగతి. ఒకరికి ఆమె ఆగిపోవడం కావాలి, ఇంకొకరికి తెలుసుకుని వెళ్లడం కావాలి. నేను ఫోన్లో చెప్పకుండా రాసి ఇస్తానన్నాను. రాస్తే మాట పెంచడానికి, దాచడానికి అంత వీలుండదు. ఆమె తర్వాత వెళ్లేవాళ్లకు కూడా పనికి రావచ్చు. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇందులో ఉండవు. ఆ ఫొటోలు మా ఇంట్లో అల్మారా మీద ఉన్నాయి. చూడాలనుకునేవాళ్లు రావచ్చు, చాయ్ కూడా పోస్తాం.

బెల్లంపల్లి చెవులు

మా బాపు బెల్లంపల్లి బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ఆయన బాయిలో ఎప్పుడూ ఒక చేతికర్ర పట్టుకుని నడిచేవాడు. ఆగి కప్పును ఆ కర్రతో కొట్టి వినేవాడు. గట్టి కప్పయితే గణగణమంటుంది, వదులైతే డొల్లగా మోగుతుంది. నిలబెట్టిన కర్ర మీద బరువు పెరిగితే అది ముందు కిర్రుమంటుంది, తర్వాత చిటపటలాడుతుంది, ఆ తర్వాతే విరుగుతుంది. ఆ మధ్యలో మనిషి పారిపోవడానికి సమయం దొరుకుతుంది.

కర్రల బదులు ఇనుప దూలాలు వచ్చినప్పుడు పాతవాళ్లకు అవి నచ్చలేదు. మా బాపు ఇంటికొచ్చి అవ్వతో, అంటే మా అమ్మతో, అన్న మాట నాకు గుర్తుంది. "ఇనుము గట్టిదే గని, అది మాట్లాడదే. కర్రయితే మాట్లాడ్తది." ఆదివారం చర్చిలో పాస్టరు ప్రసంగం నడుమ కూడా ఆయన అప్పుడప్పుడు తలెత్తి పైకప్పు వంక చూసేవాడు. అవ్వ మోచేత్తో పొడిచేది.

నేను బాయిలో ఎక్కువకాలం లేను. బొగ్గు ఎక్కడుందో వెతకడానికి నేలకు బోర్లు వేసే విభాగానికి మారాను. ఖాజా శ్రీరాంపూర్ మనిషి. మొదట బాయిలో, పనికి రానివాళ్ల బదులు దిగే బదిలీ కార్మికుడు, తర్వాత నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డోజరు ఆపరేటరు. అంటార్కిటికా యాత్రకు మంచులో బోరు వేసేవాడు ఒకడు, గొలుసు చక్రాల బండి నడిపేవాడు ఒకడు కావాలంటే మా ఇద్దరినీ డెప్యుటేషన్ మీద పంపారు. దేశంలో ఎండకు పేరుమోసిన ఊళ్ల నుంచి మమ్మల్ని ఎంచుకోవడంలో తెలివి ఏముందో మా ఇద్దరికీ ఓడ ఎక్కేదాకా అర్థం కాలేదు, ఎక్కిన తర్వాతా అర్థం కాలేదు.

ఈ బాయి సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మా ఇద్దరి చెవులూ అక్కడే తయారయ్యాయి. చప్పుడు వస్తే ఆపద, చప్పుడు లేకపోతే భద్రం. ఇది మాకు ఎవరూ పుస్తకంలో పెట్టి నేర్పలేదు. ఒంటికి పట్టిన విద్య కాబట్టి దాన్ని ఓడ ఎక్కేటప్పుడు ఇంట్లో వదిలిపెట్టి రావడం కుదరలేదు.

ఉప్పు చాయ్

వెళ్లే పిల్లలు ముందు తెలుసుకోవలసింది అక్కడ మంచు ఒకటి కాదని. సినిమాల్లో చూపించే తెల్లని కొండలు నేల మీద కురిసిన మంచు గట్టిపడి, విరిగి సముద్రంలో పడినవి. అది మంచినీళ్ల మంచు. మేం పనిచేసింది దాని మీద కాదు. సముద్రపు నీళ్లే చలికి పైనుంచి గడ్డకట్టి, అలాగే తేలుతూ ఉండే పొర మీద. చూడటానికి నేలలాగే ఉంటుంది. బండి నడుస్తుంది, మనిషి నడుస్తాడు, పెంగ్విన్లు మనకంటే దర్జాగా నడుస్తాయి. కింద మాత్రం సముద్రం ఉంటుంది.

మా ఓడ ఒడ్డుదాకా పోలేదు. ఒడ్డుకు అతుక్కున్న ఆ తేలే మంచు అంచున ఆగిపోయింది. సామాను క్రేనుతో మంచు మీదికి దించి, చక్రాలు లేకుండా మంచు మీద జారే స్లెడ్జికి కట్టి, బండితో ఒడ్డు మీద ఉన్న మన పరిశోధన స్టేషనుకు లాగాలి. మా పని మొత్తం అంతే. నేను బోరు పట్టుకుని ముందు నడుస్తూ మంచు మందం కొలవాలి, ఖాజా వెనక బండి తేవాలి.

మొదటిరోజే ఖాజా చాయ్ కోసమని మంచు గడ్డలు బకెట్‌లో ఏరుకొచ్చి కరిగించాడు. పాలపొడి, చక్కెర, యాలకులు అన్నీ వేసి, ఓడలో అందరికీ పంచాడు. అది నోట్లో పోసుకున్నవాళ్ల మొహాలు చూడాలి. సముద్రపు మంచులో ఉప్పు ఉంటుందని మాకు అప్పటిదాకా తట్టలేదు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి తోస్తాయి, అయినా కొంత ఉప్పునీరు మంచు లోపలే సన్నని దారుల్లో చిక్కుకుపోతుంది. ఏళ్ల తరబడి కరగకుండా మిగిలిన పాత మంచులో ఆ ఉప్పు జారిపోయి నీళ్లు తియ్యగా మారతాయి. కొత్త మంచులో అలాగే ఉంటుంది.

నవ్వుకుని వదిలేసిన ఆ ఉప్పులోనే మొత్తం కథ ఉంది. చలి ఎక్కువగా ఉంటే ఆ ఉప్పుదారులు మూసుకుని మంచు రాయిలా ఉంటుంది. వాతావరణం వేడెక్కితే దారులు విచ్చుకుంటాయి. మందం తగ్గదు, పైనుంచి రంగు పెద్దగా మారదు, లోపల బలం మాత్రం పోతుంది. మనవైపు తలుపు చట్రానికి చెద పట్టడం చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అరిచే మంచు

మేం దిగినప్పుడు చలి గట్టిగా ఉంది. మొదటి లోడుతో ఓడ నుంచి కొంతదూరం పోయామో లేదో కాళ్ల కింద మంచు పెద్దగా మోగింది. తర్వాత ఆ చప్పుడు గీత గీసినట్టు దూరం దాకా పరిగెత్తింది. ఖాజా బండి ఆపి, ఇంజను ఆర్పకుండానే దూకి, ఓడవైపు ఉరికాడు. ఉరకడంలో నేను వాడికంటే ముందున్నాను. ఓడ మీద నిలబడ్డ నావికులు చప్పట్లు కొట్టారు.

మా యాత్ర నాయకుడు నేగీ సార్. హిమాలయాల మనిషి, మంచు గురించి చదువుకున్నవాడు, అక్కడికి చాలాసార్లు వచ్చినవాడు. ఆయన నవ్వలేదు. చలికి మంచు పైపొర ముడుచుకుంటుందనీ, ముడుచుకున్నప్పుడు చీలి అరుస్తుందనీ, అరిచే మంచు గట్టి మంచనీ హిందీలో చెప్పాడు. అరవడం మానేసినప్పుడు భయపడండి అన్నాడు. మేం తలూపాం.

ఓడలో వస్తున్నప్పుడు ఇదే సంగతి తెర మీద బొమ్మలు వేసి కూడా చెప్పాడు. అప్పుడూ తలూపాం. తలూపడం మా ఉద్యోగంలో మొదట నేర్చుకునే పని. ఆయన చెప్పిన మాట మా బుర్రలోకి పోయింది, చెవుల్లోకి పోలేదు. బుర్రతో ఒప్పుకున్నదానికి ఒళ్లు కూడా ఒప్పుకుంటుందని ఆయన అనుకున్నాడు. మేం ఎక్కడి నుంచి వచ్చామో, ఇంతకుముందు ఏ చప్పుడు విని పరిగెత్తేవాళ్లమో ఆయన అడగలేదు. మంచి నాయకుడే కానీ, ఇది మాత్రం ఆయన లోపమని ఇప్పటికీ అంటాను.

తేలే మంచు మీద బండి నడిపేవాడికి కొన్ని నియమాలున్నాయి. బెల్టు పెట్టుకోకూడదు. రెండు తలుపులూ తెరిచి తాడుతో వెనక్కి కట్టాలి. నెత్తిమీద ఉండే కిటికీ తెరిచి ఉంచాలి. బండి నీళ్లలోకి పోతే నీటి ఒత్తిడికి మూసిన తలుపు తెరుచుకోదు, అందుకు. మంచు అరిచినన్నాళ్లూ ఖాజా ఈ నియమాలన్నీ పాటించాడు. చలికి మొహం నల్లబడుతున్నా తలుపు మూయలేదు. ప్రతి చప్పుడుకూ బిస్మిల్లా అనుకుంటూ, సగం ఒళ్లు తలుపు బయట పెట్టి నడిపేవాడు.

పిడి లేని కిటికీ

నెత్తిమీద కిటికీ మాత్రం ఖాజాకు పెద్ద పరేషాన్. అందులోంచి మంచు రాలి మెడలోకి పోయేది. అది కరిగి వీపు మీదుగా కారేది. వీలు దొరికినప్పుడల్లా మూసేవాడు. నేగీ సార్ చూసి తెరవమనేవాడు, ఖాజా తెరిచేవాడు, సార్ అటు పోగానే మూసేవాడు. కొన్నాళ్లు ఇలా నడిచింది.

ఒకరోజు పొద్దున సార్ స్పానరు తెచ్చి, బండి ఎక్కి, ఆ కిటికీని పూర్తిగా తెరిచి, దాన్ని లాగి మూసే పిడిని విప్పి జేబులో వేసుకున్నాడు. ఇక లోపలి నుంచి మూయడానికి వీల్లేదు. ఖాజా ఆ రోజంతా తెలుగులోనూ ఉర్దూలోనూ ఆయన్ను తిట్టాడు.

"నేను చిన్నపోరన్నా? పిడి గుంజుకపోయిండు."

"నువ్వు ముయ్యకపోతే ఆయన గుంజకపోతుండె."

"మెడల మంచు వడ్తే తెలుస్తది నీకు" అన్నాడు.

మన మాటను నమ్మే అధికారి దొరకడం మంచిదే. మన అలవాటును నమ్మని అధికారి దొరకడం అంతకంటే మంచిది. ఉద్యోగంలో నేను నాలుగైదు రకాల అధికారుల కింద పనిచేశాను. చెప్పి వదిలేసేవాళ్లు ఎక్కువ. చెప్పింది జరగదని ముందే ఊహించి, స్పానరు తెచ్చుకునేవాళ్లు అరుదు. నేగీ సార్ కిటికీ విషయంలో ఆ పని చేశాడు. తలుపుల విషయంలో చేయలేదు. అవి ఖాజా ఎలాగూ తెరిచే ఉంచుతున్నాడు కదా అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం

ఆ తర్వాత వాతావరణం మారింది. కొన్నిరోజులు మబ్బు పట్టి, గాలి తగ్గి, చలి మెత్తబడింది. మంచు అరవడం మానేసింది. మాకు ప్రాణం హాయిగా అనిపించింది. బెల్లంపల్లిలో కప్పు నెమ్మదించిందంటే బాపు బీడీ వెలిగించడానికి పైకి ఎప్పుడు పోదామా అని చూసేవాడు, అలాంటి హాయి. ఖాజా నాతో అన్నాడు, "అన్నా, ఇప్పుడు నిమ్మళమైంది. కూసుంది చూడు మంచు." నేనూ అవుననే అన్నాను.

చివరి లోడు మిగిలింది. డీజిలు పీపాలు. ఓడ పోయిన తర్వాత చలికాలమంతా స్టేషనులో ఉండబోయేవాళ్లకు వెలుగూ వేడీ ఆ డీజిలుతోనే. ఇటు కెప్టెన్ తొందర పెడుతున్నాడు. ఉత్తరం వైపు మబ్బుల కింద నల్లగా కనిపించాలి. కింద తెరిచిన నీళ్లుంటే మబ్బు అడుగున ఆ నలుపు పడుతుంది, ఓడకు దారి ఉన్నట్టు. ఆ నలుపు సన్నబడుతోంది. దారి మూసుకుంటే ఓడ అక్కడే చిక్కుతుంది.

మామూలుగా సూర్యుడు బాగా కిందికి వాలినప్పుడు, చలి కాస్త ఎక్కువైన వేళ చూసి మంచు దాటేవాళ్లం. ఆరోజు అంతసేపు ఆగలేదు. నేను బోరు వేసి కొలిచాను. మందం ఎప్పటిలాగే ఉంది. బోరుతో పైకొచ్చే పొడి మాత్రం పిండిలా లేదు, తడిగా ముద్దలా ఉంది. ఆ మాటా సార్‌కు చెప్పాను. ఆయన ముద్దను చేత్తో నలిపి చూశాడు, ఉత్తరం వైపు చూశాడు, స్టేషను వైపు చూశాడు. సగం పీపాలు దించేయమన్నాడు. ఈ ఒక్క లోడుతో ఆపేద్దామన్నాడు.

నేను ముందు నడిచాను. ఖాజా వెనక వస్తున్నాడు. మబ్బులోంచి తడి మంచు రాలుతోంది. నిమ్మళంగా ఉన్న మంచు మీద తడవడం ఎందుకని ఖాజా తాళ్లు విప్పి రెండు తలుపులూ మూసుకున్నాడు. అరిచే మంచు మీద ఆ పని చచ్చినా చేసేవాడు కాదు. బాయి ముఖం చూడని డ్రైవరు ఎవడైనా, అరిచినా అరవకపోయినా నియమం నియమమేనని కట్టి ఉంచేవాడేమో. మా ఖాజా చెవిని నమ్మాడు.

నేను వెనక్కి తిరిగి చూసింది మంచు విరిగిన చప్పుడు విని కాదు. ఆ చప్పుడే రాలేదు. ఇంజను గొంతు మారితే చూశాను. బండి ముందుభాగం కిందికి వాలి ఉంది, చుట్టూ మంచు ముద్దగా నల్లబడుతోంది. అద్దం వెనక ఖాజా భుజంతో తలుపును తోస్తున్నాడు. తలుపు కదలడం లేదు. వెనక స్లెడ్జి బరువు ఇంకా లాగి పట్టి ఉంది కాబట్టి బండి ఒక్కసారిగా పోలేదు.

బాయిలో అయితే ఉరకాలి. మంచు మీద పడుకోవాలి. అది మాత్రం ఎందుకో గుర్తొచ్చింది. బోరు కడ్డీలు ముందు పరిచి, వాటి మీద బోర్లా పడుకుని, నడుముకున్న తాడు విప్పి విసిరాను. విసురుతూ కిటికీ, కిటికీ అని అరిచాను. పైన ఆ పిడి లేని కిటికీలోంచి ఖాజా చేతులు వచ్చాయి, తల వచ్చింది, లావుపాటి కోటు దగ్గర చిక్కుకున్నాడు. మళ్లీ లోపలికి జారిపోయాడు. ఆ కాసేపు నాకు ఎవరూ కనబడలేదు. నా జీవితంలో అంత భయం దానికి ముందు లేదు, తర్వాతా లేదు. కోటు విప్పేసి, ఒంటి బనీనుతో మళ్లీ పైకొచ్చి, కప్పు మీదినుంచి తాడు అందుకుని నీళ్లలో పడ్డాడు. నేను లాగాను. ఓడ నుంచి నిచ్చెనతో ఉరికొచ్చినవాళ్లు నా కాళ్లు పట్టుకుని ఇద్దరినీ లాగారు. మా వెనక స్లెడ్జిని బండికి కలిపే కొక్కెం విరిగింది, బండి పోయింది, స్లెడ్జి అంచున ఆగింది.

దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టిన తర్వాత ఖాజా పళ్లు టకటకమంటూనే ఒక మాట అన్నాడు.

"అన్నా, అది చెప్పనే లే. ఒక్క మాటన్న అనలే."

మర్నాటి నుంచి

మిగిలిన పీపాలను ఓడ మీదున్న చిన్న హెలికాప్టరులో కొన్ని కొన్నిగా మోశారు. అన్నీ పోలేదు. ఆ చలికాలం స్టేషనులో కొన్ని గదులు మూసేసి, ఉన్నవాళ్లు దగ్గరదగ్గరగా సర్దుకున్నారని తర్వాత తెలిసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

నేగీ సార్ మా క్యాబిన్‌కు వచ్చాడు. ఓదార్చడానికి కాదు, అడగడానికి. తలుపు ఎందుకు మూశావని ఖాజాను అడిగాడు. ఖాజా చెప్పలేదు, నేను చెప్పాను. బాయి గురించి, బాపు చేతికర్ర గురించి, మాట్లాడే కర్ర గురించి. ఆయన శ్రద్ధగా విని, ఈ ప్రశ్న నేను మొదటిరోజే అడిగి ఉండాల్సింది అన్నాడు. ఆ లోడు అసలు పంపకూడదనీ, డీజిలు ఒడ్డు చేరాలన్న కోరికతో కొలతను చూసి ముద్దను చూడనట్టు ఉన్నాననీ అన్నాడు. అధికారి నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. మాట బాగుంది. ఆ మాట అన్నంత మాత్రాన ఖాజా వణుకు ఆగలేదు.

మర్నాటి నుంచి ఆయన తెర మీద బొమ్మలు వేయడం మానేశాడు. ఇంకో బండిని డెక్కు మీద నిలబెట్టి, ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి, కళ్లకు గుడ్డ కట్టి, పై కిటికీలోంచి దిగమన్నాడు. కోటుతో ఒకసారి, కోటు విప్పి ఒకసారి. వంటవాడితో సహా అందరూ చేశారు. నేను మొదటిసారి మోకాలు పగలగొట్టుకున్నాను. కొన్నాళ్లకు ఆలోచించకుండానే చేతులు పైకి పోయేవి. చెవికి పట్టిన అలవాటును మాటతో తీయలేం, ఇంకో అలవాటుతోనే తీయాలి. నా ఉద్యోగం మొత్తంలో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెప్తాను.

ఖాజా ఒక్కడే ఆ బండి ఎక్కలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. తిరుగు ప్రయాణమంతా డెక్కు మీదికి కూడా రాలేదు. ఇంటికొచ్చాక డోజరు మళ్లీ నడిపాడు, రిటైరయ్యేదాకా నడిపాడు, కానీ తలుపులున్న కారులో కూర్చోవాలంటే కిటికీ పక్కనే కూర్చుని అద్దం పూర్తిగా దించేవాడు. వానలో కూడా. అందరూ అతనికి ఉక్కపోత ఎక్కువ అనుకునేవారు.

శ్రీరాంపూర్ షెడ్డు

ఇక్కడిదాకా రాసి షాహీన్‌కు ఇచ్చాను. బెదిరించమని ఖాజా అన్నాడు కానీ, ఇందులో బెదిరింపు ఎంత ఉందో, తెగింపు ఎంత ఉందో నాకు తెలియదు. పోకపోతే తప్పు లేదని ఆమెకు చెప్పాను. పోతే మూడు సంగతులు చూసుకోమన్నాను. చప్పుడును నమ్మొద్దు, కొలతను ఒక్కదాన్నే నమ్మొద్దు, మూసిన తలుపు వెనక కూర్చోవద్దు. ఆమె కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

కొన్నిరోజులు ఇద్దరి దగ్గర్నుంచీ కబురు లేదు. నేను పని పాడుచేశానని ఖాజా అలిగాడేమో అనుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి శ్రీరాంపూర్ పోయాను. రిటైరయ్యాక ఖాజా అక్కడ చిన్న రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. షెడ్డు వెనక ఎవరో తుక్కు కింద వదిలేసిన లారీ క్యాబిన్ ఒకటి ఇటుకల మీద ఉంటుంది. అటువైపు నుంచి గుద్దుతున్న చప్పుడు వినిపిస్తే అటు పోయాను.

క్యాబిన్ పైకప్పుకు గ్యాస్ కట్టరుతో చదరంగా దారి కోసి ఉంది. గీసుకోకుండా అంచుల చుట్టూ పాత సైకిల్ ట్యూబు చీల్చి తొడిగి ఉంది. తలుపులు రెండూ బయటినుంచి తీగతో బిగించి కట్టి ఉన్నాయి. లోపల షాహీన్, ఈ ఎండలో, ఎవరిదో మందపాటి చలికోటు వేసుకుని, కళ్లకు ఖాజా రుమాలు కట్టుకుని కూర్చుని ఉంది. ఖాజా బయట నిలబడి అరచేత్తో తలుపును గుద్దుతున్నాడు.

"ఊఁ. దిగు."

ఆమె చేతులు పైకి పోయాయి. కోటు చిక్కింది. మళ్లీ లోపలికి జారి, గుండీలు తెంపినట్టు విప్పేసి, పైకొచ్చి, కప్పు మీదినుంచి దూకింది. రుమాలు విప్పి నన్ను చూసి చెమటతోనే నవ్వింది.

ఖాజా నావైపు చూడలేదు. "కోటుకాడ ఆలస్యమైంది" అన్నాడు ఆమెతో. "నాక్కూడ ఆడనే ఆలస్యమైంది. కూసునేటప్పుడే పైగుండీలు విప్పి వెట్టుకో."

మునుగుతున్న బండి లోపల ఏమైందో అతని నోట నేను విన్నది అదే మొదటిసారి.

"పొద్దుగాలటి సంది గిదే పని చాచా. ఇంక ఎన్నిసార్లు అబ్బా?"

"రాత్రి నిన్ను యాది చేసుకుని లేస్తే, నాకు మల్ల నిద్ర పట్టేదాక" అన్నాడు. రుమాలు ఆమె చేతిలోంచి తీసుకుని, ఈసారి తనే ఆమె కళ్లకు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో వేలితో చూశాడు. "ఎక్కు."